అందని నోటీసు, కట్టిన జరిమానా: ఉంగుటూరు – కొల్లేరు రహదారుల్లో చలానా వివాదాలపై ఒక పరిశీలన

ట్రాఫిక్ చలానాల గురించి మన దగ్గర వస్తున్న రాతలు రోడ్డు ప్రమాదాల లెక్కతో మొదలై హెల్మెట్ హితబోధతో ముగుస్తున్నాయి. చలానా పడ్డ మనిషి దాన్ని ఒప్పుకోకపోతే ఎక్కడికి వెళ్లాలి, ఎవరిని అడగాలి, అలా అడిగినవాళ్లకు ఏమైంది అనే ప్రశ్నలు ఆ రాతల్లో కనిపించవు. చలానాను ప్రభుత్వం ఇచ్చిన తీర్పుగా తీసుకుని, అది పనిచేసిందా లేదా అని మాత్రమే తూకం వేస్తున్నారు. ఉంగుటూరు, నారాయణపురం, కైకరం, నిడమర్రు చుట్టుపక్కల చేపల ట్రేలు మోసే ట్రక్కు ఆటోల వాళ్లతో మాట్లాడినప్పుడు నాకు ఎదురైంది వేరే సంగతి. తమ చలానాల్లో కొన్ని అన్యాయమని వాళ్లలో చాలామంది గట్టిగానే వాదించారు. ఒక్కరు కూడా కోర్టు మెట్లెక్కలేదు. వాదన ఉండీ వాదించకపోవడానికి కారణం వెతకడమే ఈ వ్యాసం పని.

కింది కోర్టుల మీద రాసే ఎవరికైనా మాల్కం ఫీలీని దాటుకుని వెళ్లే వీలు లేదు. అమెరికాలోని న్యూహేవెన్ నగరంలో చిన్న నేరాల కోర్టును పరిశీలించి ఆయన 1979లో వెలువరించిన పుస్తకం ‘ది ప్రాసెస్ ఈజ్ ది పనిష్‌మెంట్’. కోర్టు చుట్టూ తిరగడానికయ్యే ఖర్చు, పోయే కూలి, లాయరు ఫీజు కలిపితే పడబోయే శిక్ష కంటే ఎక్కువ, అందుకే నిందితులు పోరాడకుండా ఒప్పేసుకుంటారు అన్నది ఆయన సిద్ధాంతం. నలభై ఏళ్లుగా ఇది ప్రతి సెమినారులోనూ వినిపిస్తోంది. ట్రాఫిక్ కేసుల ప్రస్తావన రాగానే ‘వంద రూపాయల జరిమానాకు వెయ్యి ఖర్చు పెట్టి ఎవరు పోరాడతారు’ అని తేల్చేయడం ఒక అలవాటైంది. ఆ తేల్చివేతతోనే నాకు పేచీ.

ఫీలీ చూసిన నిందితుడికి రెండు విషయాలు తెలుసు. తన మీద కేసు ఉందని తెలుసు, అది ఏ కోర్టులో ఉందో తెలుసు. తెలిశాకే ఖర్చు లెక్క వేసుకున్నాడు. మా రోడ్ల మీద ఆటోవాడికి ఆ మొదటి సంగతే తెలియడం లేదు. తెలిసేసరికి కోర్టు గడువు దాటిపోతోంది, బండి పని ఆగిపోయి ఉంటోంది. ఇక్కడ ప్రక్రియ భారమై మనిషి పారిపోవడం లేదు, అసలు ప్రక్రియే మనిషి దాకా రావడం లేదు. న్యూహేవెన్ నుంచి తెచ్చుకున్న సిద్ధాంతం తప్పును నిందితుడి లెక్కల మీదికి నెట్టి, నోటీసు పంపాల్సిన వాళ్లను వదిలేస్తోంది.

చట్టం ఏమంటోందో చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం 200 సెక్షన్ కింద చలానా సొమ్ము కట్టడమంటే కాంపౌండింగ్, అంటే రాజీ. రాజీకి ఇద్దరు కావాలి. కట్టనంటే నేరం నిరూపించే బాధ్యత ప్రభుత్వానిది, అదీ మేజిస్ట్రేటు ముందు. 208 సెక్షన్ ప్రకారం సమన్లు అందుకున్నవాడు స్వయంగా రావచ్చు, లాయరును పంపవచ్చు, నేరం ఒప్పుకుని తపాలాలోనే సొమ్ము పంపనూ వచ్చు. ఇదంతా సమన్లు అందుకున్నవాడికి.

నా దృష్టిలో ఈ చట్టం మొత్తానికి ప్రాణం 209 సెక్షన్. అతివేగం, ప్రమాదకరంగా నడపడం అనే నేరాల్లో మూడింటిలో ఒకటి జరిగితేనే శిక్ష వేయాలని అది షరతు పెట్టింది. నేరం జరిగినప్పుడే కేసు పెట్టే ఆలోచన ఉందని డ్రైవరును హెచ్చరించి ఉండాలి, లేదా 14 రోజుల్లో నేరం స్వభావం, చోటు, వేళ తెలిపే నోటీసు అతనికో రిజిస్టరు యజమానికో పంపి ఉండాలి, లేదా 28 రోజుల్లో సమన్లు అంది ఉండాలి. దీని మూలం 1930 నాటి ఇంగ్లండు రోడ్డు ట్రాఫిక్ చట్టంలో ఉంది. అక్కడి నుంచి మన 1939 చట్టంలోకి, దాన్నుంచి 1988 చట్టంలోకి వచ్చింది. దారిన పోయే వాహనం మీద ఆరోపణ వేస్తే ఆ క్షణం డ్రైవరు మనసులో చెరిగిపోకముందే అతనికి చెప్పాలన్న న్యాయం తొమ్మిది దశాబ్దాలుగా నిలిచి ఉంది. మూడు నెలల కిందట ఫలానా మలుపు దగ్గర ఎంత వేగంలో ఉన్నావని అడిగితే ఎవరు చెప్పగలరు? యజమాని చిరునామా ఎంత వెతికినా దొరకని సందర్భానికి ఈ సెక్షనే మినహాయింపు ఇచ్చింది గాని, రిజిస్ట్రేషన్ వివరాలు చేతిలో ఉన్న వ్యవస్థకు అది వర్తించదు.

దీనికి తోడు 183 సెక్షన్‌లో మరో కట్టడి ఉంది. యంత్రం కొలిచిన ఆధారం లేకుండా, ‘వేగంగా పోయింది’ అన్న ఒకే సాక్షి అభిప్రాయం మీద ఎవరికీ శిక్ష వేయకూడదు. 2019 సవరణ తరవాత వచ్చిన 136ఎ సెక్షన్, దాని కింద 2021 ఆగస్టులో వచ్చిన 167ఎ నిబంధన ఈ రక్షణను ఇంకా బిగించాయి. కెమెరాకు ఏటా ధ్రువీకరణ ఉండాలి, అది ఉన్నచోట ముందుగా కనిపించే హెచ్చరిక బోర్డు ఉండాలి, ఫొటోలో నంబరు ప్లేటు తెలియాలి, కొలత, తేదీ, వేళ, చోటు ఉండాలి, 15 రోజుల్లో నోటీసు వెళ్లాలి, చలానా తేలేదాకా రికార్డు దాచాలి. ఈ నిబంధన కింద పేర్కొన్న 132 నగరాల్లో మన ఆంధ్రప్రదేశ్‌వి 13 ఉన్నాయి, ఏలూరు వాటిలో ఒకటి. నగరాలకు బయట ప్రమాదాలు, రద్దీ ఎక్కువగా ఉండే జాతీయ, రాష్ట్ర రహదారులకూ ఇది వర్తిస్తుంది. రోడ్డు భద్రతపై నడిచిన ఎస్. రాజశేఖరన్ కేసులో సుప్రీంకోర్టు 2024లో ఈ సెక్షన్‌ను, నిబంధనను అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది కూడా.

ఇక ఒక చలానాను దగ్గరగా చూద్దాం. నారాయణపురం సెంటర్లో ఒక ట్రక్కు ఆటో యజమాని తన ఫోన్‌లో చూపించినది. ఫొటో బండి వెనక నుంచి తీసింది. ట్రేల మీద నీలం టార్పాలిన్, తలుపు సందులోంచి కారుతున్న ఐసు నీళ్లు, ఆ నీళ్లకు రోడ్డు దుమ్ము అంటుకుని సగం కప్పుకుపోయిన నంబరు ప్లేటు. డ్రైవరు కనిపించడు. ఏ ఊరో చెప్పే బోర్డు గాని, కొట్టు పేరు గాని లేదు. చోటు అన్న గడిలో హైవే అని ఉంది. నేరం అతివేగం. ఎంత వేగమో చెప్పే అంకె ఎక్కడా లేదు. తేదీ చూస్తే ఏడాది దాటింది. ఆయనకు దీని సంగతి తెలిసింది మాత్రం బండిని ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు, పెట్టినప్పుడే. మెసేజీ వెళ్లిన ఫోన్ నంబరు షోరూములో కాగితాలు చేయించిన బ్రోకరుది.

‘మరి కోర్టులో అడగొచ్చు కదండీ’ అన్నాను.

‘ఏ కోర్టులో అడగాలండీ? బండి గూడెం ఎల్తాది, ఏలూరు ఎల్తాది, ఆకివీడు ఎల్తాది. ఎక్కడ తీశారో అందులో లేదు కదండీ. కట్టేస్తే ఎఫ్‌సీ అయిపోద్ది, సాయంత్రం లోడుకి ఎల్లిపోవచ్చు.’

నా వాదనంతా ఈ మాటల్లోనే ఉంది. ఆయన మొదట చెప్పింది ఖర్చు లెక్క కాదు, కోర్టు భయమూ కాదు. ఏ కోర్టు అన్నదే తెలియలేదు. పైగా ఈ ప్రాంతంలో ఆ ప్రశ్న తేలికది కాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఉంగుటూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది, పక్కనే ఉన్న తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. పాత ఐదో నంబరు హైవే కొంతకాలం 16గా నడిచి, గుండుగొలను నుంచి కొవ్వూరు వైపు కొత్త దారి వేశాక ఇక్కడ 216ఎ అయింది. కొల్లేరు చెరువుల గట్ల మీంచి శీలావతి, బొచ్చె లోడుతో తెల్లవారుజామున బయల్దేరిన బండి పొద్దెక్కేలోపు రెండు జిల్లాల పోలీసుల పరిధుల్లో తిరుగుతుంది. చోటు సరిగా రాయని చలానా ఇక్కడ అక్షర దోషంతో సమానం కాదు, నిందితుడికి న్యాయస్థానమే లేకుండా చేస్తుంది.

బండ్లు చేతులు మారే తీరు దీన్ని మరింత ముదురుస్తోంది. ఫైనాన్సు తీరకముందే యజమాని మార్పిడికి వాడే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని బండి అమ్మేయడం ఇక్కడ మామూలు. చలానా పాత యజమానికి పోతుంది, జరిమానా కొత్త యజమాని కడతాడు, ఆ రోజు స్టీరింగు పట్టిన కుర్రాడు ఎక్కడున్నాడో ఇద్దరికీ తెలియదు. డ్రైవరు ఎవరో యజమాని చెప్పాలని 133 సెక్షన్ అంటోంది. అడిగినవాళ్లెవరు?

అసలైన చిక్కు గడువు దగ్గర ఉంది. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని ఆరు నెలలు దాటాక కోర్టు విచారణకు తీసుకోకూడదని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 468 సెక్షన్ చెప్పింది, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 514 సెక్షన్ అదే చెబుతోంది. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు. కానీ కోర్టుకే వెళ్లని చలానాలో మన్నించమని అడిగేదెవరు? నారాయణపురం ఆటో చలానా తేలికపాటి వాహనం మీద పడ్డ అతివేగం కేసు, మొదటి తప్పుకు జరిమానాయే శిక్ష. కోర్టుకు వెళ్లకుండా ఏడాది దాటితే, ఆలస్యాన్ని కోర్టు మన్నిస్తే తప్ప, ప్రభుత్వం దాని మీద కేసు నడపలేదు. శిక్షించే వీలు పోయిన నేరానికి రాజీ ఎలా కుదురుతుంది? అయినా సొమ్ము వసూలైంది. ఎఫ్‌సీ కావాలి కనుక అయింది.

హెల్మెట్ లేక ఏటా పోతున్న ప్రాణాల దృష్ట్యా గట్టి తనిఖీలు అవసరమే, రాష్ట్ర హైకోర్టు 2024లో ఆ దిశగా ఇచ్చిన ఆదేశాలతో నాకు విభేదం లేదు. నా అభ్యంతరం తనిఖీ మీద కాదు, నోటీసు లేని వసూలు మీద.

2020 అక్టోబరులో మన రాష్ట్రం కాంపౌండింగ్ రేట్లు పెంచింది. లైసెన్సు లేకుండా నడిపితే 5,000, అధిక లోడుకు 20,000, ఆపైన టన్నుకు 2,000 రూపాయలు. అంకె ఈ స్థాయికి చేరాక ఫీలీ సిద్ధాంతం దాని లెక్క ప్రకారమే చెల్లదు. చేపల లోడు మీద పడ్డ 20,000 రూపాయల కోసం లాయరును పెట్టుకోవడం ఎవరికైనా గిట్టుబాటే. అయినా నేను మాట్లాడినవాళ్లెవరూ పెట్టుకోలేదు. తెలంగాణ వైపు చూస్తే 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పాత చలానాలపై 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ప్రకటించారు. నేరం రుజువు చేయగల ప్రభుత్వం ఇంత తగ్గింపు ఎందుకిస్తుంది? పేరుకుపోయిన ఆ చలానాలు కోర్టులో నిలవవని ప్రభుత్వానికే అనుమానం ఉందేమో. కనీసం ఈ రహదారుల్లో చలానా నేర విచారణను వదిలి పన్ను వసూలుగా మారిపోయిందని ఉంగుటూరులో నేను విన్న మాటలు చెబుతున్నాయి. పన్ను వేసే అధికారం శాసనసభది, రోడ్డు పక్క ఫొటో తీసే అధికారిది కాదు.

కాబట్టి రవాణా శాఖ చేయాల్సింది స్పష్టం. 14 రోజుల నోటీసు షరతును వేగం కేసులకే పరిమితం చేయకుండా ఫొటో చలానాలన్నిటికీ వర్తింపజేస్తూ ఉత్తర్వు ఇవ్వాలి. కోర్టుకు వెళ్లకుండా ఆరు నెలలు దాటిన వాటిని ఎఫ్‌సీకీ, యజమాని మార్పిడికీ అడ్డు పెట్టడం మానాలి. ప్రతి చలానా మీద స్టేషను పేరు, కోర్టు పేరు అచ్చు వేయాలి. ఆ పని జరిగేదాకా బండి ఉన్న ప్రతివారికీ నా మనవి ఒకటే. ఆర్‌సీలో మీ సొంత ఫోన్ నంబరు ఎక్కించుకోండి, చలానా కనిపించగానే తేదీ, చోటు, కొలత ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే కట్టేముందు రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి.