పుట్టింటి జట్టు ఓటములు

తిరుపతి నుంచి న్యూజెర్సీకి చదువుకోవడానికి వెళ్ళిన పిల్లలు బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడి ముందు దిగిన ఫొటోలు ఇంటికి పంపుతుంటారు. ఆ గుడి నుంచి కారులో కొద్దిసేపు వెళ్తే న్యూ బ్రన్స్‌విక్ వస్తుంది. అక్కడి రట్గర్స్ విశ్వవిద్యాలయంలో పాత వ్యాయామశాల పక్కన కార్లు నిలిపే జాగా ఒకటుంది. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ పుట్టింది ఆ చుట్టుపక్కలే. తమ పిల్లవాడు రోజూ ఏ నేల మీద నడుస్తున్నాడో ఇక్కడి అమ్మానాన్నలకు తెలిసే వీలు లేదు. ఆ మాటకొస్తే పిల్లవాడికీ తెలుసని నేననుకోను.

కథకు మూలం ఒక అవమానం. 1866లో బేస్‌బాల్‌లో ప్రిన్స్‌టన్ కుర్రాళ్ళు రట్గర్స్‌ను 40-2 తేడాతో చిత్తుగా ఓడించారు. రెండు ఊళ్ళూ దగ్గర దగ్గరే కాబట్టి ఆ ఓటమి మరుపుకు రాలేదు. ఆ కసి తీర్చుకోవడానికి రట్గర్స్ వాళ్ళు మరో ఆటకు పిలిచారు. అలా 1869 నవంబర్ 6న, శనివారం, ప్రిన్స్‌టన్ జట్టు రైలెక్కి వచ్చింది.

ఒక్కో పక్క 25 మంది. బంతి గుండ్రంగా ఉండేది. దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తకూడదు, విసరకూడదు. కాలితో తన్నవచ్చు, చేత్తోనో తలతోనో కొట్టవచ్చు. ఇవాళ టీవీలో కనిపించే శిరస్త్రాణాల ఆటకూ దీనికీ పోలిక వెతకడం కష్టం. ఆటగాళ్ళకు ప్రత్యేకమైన దుస్తులేవీ లేవు. కోట్లు, టోపీలు తీసి పక్కన పెట్టి దిగారు. ఎవరు ఏ పక్షమో తెలియడానికి రట్గర్స్ వాళ్ళు ఎర్రటి గుడ్డలను తలపాగాల్లా చుట్టుకున్నారు. చూడ్డానికి వచ్చింది వందమంది దాకా. అందులో కొందరు కంచె మీద ఎక్కి కూర్చున్నారు. బంతి వెంటపడిన ఇద్దరు ఆటగాళ్ళు వెళ్ళి ఆ కంచెకే గుద్దుకోవడంతో కూర్చున్నవాళ్ళు కిందపడ్డారట. రట్గర్స్ ఆటగాడొకడు కంగారులో సొంత గోలు వైపే బంతిని తన్నాడనీ చెబుతారు.

ప్రిన్స్‌టన్ వాళ్ళు పొడగరులు. అందుకని రట్గర్స్ నాయకుడు లెగెట్ బంతిని నేలబారుగా, పొట్టి తన్నులతో నడిపించమన్నాడు. ముందు ఆరు గోల్స్ చేసినవాళ్ళదే ఆట. రట్గర్స్ 6-4తో గెలిచింది.

సరిగ్గా వారానికి, నవంబర్ 13న, ప్రిన్స్‌టన్‌లో మళ్ళీ తలపడ్డారు. రట్గర్స్ ఒక్క గోలైనా చెయ్యలేక 8-0తో ఓడింది. వారంలో వాళ్ళు ఆట మరిచిపోయారనుకోవడానికి లేదు. మారింది మైదానం, దాంతో పాటే నిబంధన. గాల్లో వచ్చే బంతిని పట్టినవాడికి అడ్డం లేకుండా తన్నే అవకాశం ఇవ్వడం ప్రిన్స్‌టన్ పద్ధతి. పొడగరికి అంతకన్నా ఏం కావాలి? గోడ దాటితే అవుటా, సిక్సరా అన్నది ఆ వీధి కుర్రాళ్ళే తేల్చే మన గల్లీ క్రికెట్ లాంటిదే ఇదీ. అసలు ఆ తొలి రోజుల చరిత్రంతా నిబంధన ఎవరిదన్న తగాదానే అని నాకనిపిస్తుంది.

ఆ తగాదా తెమలడానికి 1873లో యేల్, కొలంబియా, ప్రిన్స్‌టన్, రట్గర్స్ న్యూయార్క్‌లో కూర్చున్నాయి. హార్వర్డ్ రాలేదు. బంతిని చేతబట్టి పరుగెత్తే రగ్బీ తరహా ఆట మీద దానికి మోజు. చివరికి ఆ మోజే నెగ్గింది. 1880లలో యేల్‌కు చెందిన వాల్టర్ క్యాంప్ పూనికతో జట్టుకు పదకొండు మంది అయ్యారు. మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు ముందుకు పోకపోతే బంతి వదులుకోవాలన్న నిబంధనా వచ్చింది. 1905లో ఆటలో చావులు పెరిగి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల వాళ్ళను పిలిపించాక, మరుసటి ఏడు బంతిని ముందుకు విసరడానికి అనుమతి దొరికింది.

ఈ మార్పుల్లో రట్గర్స్ మాట ఎక్కడా చెల్లినట్టు కనబడదు. చిన్న కాలేజీ, పెద్దవాళ్ళు రాసిన నిబంధనలకు తలవంచి ఆడింది, ఓడింది. 1870లో ప్రిన్స్‌టన్ చేతిలో ఓటమి, 1872లోనూ అదే. తొలి ఆట నెగ్గిన జట్టుకు ఆ తర్వాత దశాబ్దాల తరబడి ప్రిన్స్‌టన్ మీద గెలుపన్నది లేదు. ఆనాటి ప్రిన్స్‌టన్ నాయకుడు గమ్మియర్ న్యూజెర్సీ ప్రధాన న్యాయమూర్తి అయి, ఆ పదవిలో ఉండగానే పోయాడు. అప్పటికీ రట్గర్స్ గెలవలేదు.

1938 నవంబర్ 5న రట్గర్స్ కొత్త స్టేడియం ప్రారంభోత్సవం. వచ్చిన జట్టు ప్రిన్స్‌టనే. రట్గర్స్ 20-18తో గట్టెక్కింది. తొలి ఆటకూ దీనికీ మధ్య 69 ఏళ్ళు, ఒక్క రోజు తక్కువ.

1980తో ఈ ఇద్దరి పోటీ ఆగిపోయింది. మొత్తం లెక్కలో ప్రిన్స్‌టన్‌వి 53 విజయాలు, రట్గర్స్‌వి 17. రట్గర్స్ అప్పటికి పెద్ద జట్ల వరసలోకి పోవాలని చూస్తోంది. ప్రిన్స్‌టన్ ఉన్న ఐవీ లీగ్‌లో ఆటగాళ్ళకు ఆట పేరున స్కాలర్‌షిప్పులు ఇవ్వరు. ఇద్దరికీ ఇక జోడీ కుదరదు.