పిలుపూ అడ్డంకీ: అండాశయ క్యాన్సర్ కణాల్లో కీమోథెరపీ రేపే రోగనిరోధక సంకేతాలు

అండాశయ క్యాన్సర్‌కు ఇచ్చే కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ మందులను చాలాకాలం కణాలను చంపే విషాలుగానే అంచనా వేశారు. ఆ అంచనా చాలదని 2003లో వెలువడిన ఒక అధ్యయనం సూచించింది. వ్యాధి ముదిరిన 186 మంది కణితులను అందులో పరిశీలించారు. కణితి లోపలికి రోగనిరోధక వ్యవస్థకు చెందిన టి కణాలు చేరినవారిలో 38 శాతం మంది ఐదేళ్లు జీవించగా, చేరనివారిలో 4.5 శాతమే జీవించారు. కాబట్టి మందు తగిలిన కణం రోగనిరోధక వ్యవస్థకు ఏ సంకేతం పంపుతుందన్నది రోగి ఆయుష్షుకు సంబంధించిన ప్రశ్న. ఈ మందులు టి కణాలను పిలిచే సంకేతాన్నీ, వాటిని ఆపే సంకేతాన్నీ కలిపే పుట్టిస్తాయి. ఏది ఎప్పుడు పైచేయి అవుతుందో కొలవకుండా ఇమ్యూనోథెరపీని జోడించడం సరికాదన్నది ఈ వ్యాసం వాదన.

ప్లాటినం మందు డీఎన్‌ఏకు అతుక్కుని దాని ప్రతికృతి తయారీని అడ్డుకుంటుంది. పాక్లిటాక్సెల్ క్రోమోజోముల పంపకాన్ని చెడగొడుతుంది. రెండు దారుల్లోనూ డీఎన్‌ఏ తునకలు కేంద్రకం వెలుపల పేరుకుంటాయి. వైరస్ జాడను పసిగట్టే సీగ్యాస్-స్టింగ్ మార్గం వాటిని గుర్తించి, టైప్-1 ఇంటర్‌ఫెరాన్‌నూ టి కణాలను రప్పించే కీమోకైన్లనూ విడుదల చేయించగలదు. అయితే అదే గాయం ఎన్‌ఎఫ్-కప్పాబి అనే మరో సంకేత మార్గాన్నీ రేపుతుంది. దానితో ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రోటీన్ పెరిగి క్యాన్సర్ కణం నిలదొక్కుకుంటుంది. కణం పైపొర మీద పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ పెరిగి టి కణాలను నిలువరిస్తుంది. పైగా, వచ్చిన టి కణాలు వెలువరించే ఇంటర్‌ఫెరాన్-గామా కూడా పీడీ-ఎల్1ను పెంచుతుంది. అంటే పిలుపు ఫలించిన కొద్దీ అడ్డంకి బలపడుతుంది.

అలాగైతే పీడీ-ఎల్1ను అడ్డుకుంటే చాలదా అన్న ప్రశ్న సహజం. 2021లో ప్రచురితమైన జావెలిన్ ఒవేరియన్ 100, ఇమాజిన్050 పరీక్షల్లో తొలి చికిత్సకే అలాంటి యాంటీబాడీలను జోడించినా వ్యాధి ముదరకుండా ఉన్న కాలం పెరగలేదు. అందువల్ల ఈ క్యాన్సర్‌కు ఇమ్యూనోథెరపీ పనికిరాదని కొందరి అభిప్రాయం. కానీ ప్లాటినంకు లొంగని వ్యాధిపై జరిగి 2025లో ఫలితాలు వెలువడిన కీనోట్-బి96 పరీక్షలో, వారంవారం ఇచ్చే పాక్లిటాక్సెల్‌కు ఇమ్యూనోథెరపీ మందు పెంబ్రోలిజుమాబ్ తోడైనప్పుడు కణితిలో పీడీ-ఎల్1 ఉన్న రోగుల జీవితకాలం పెరిగింది. రోగులూ మందులూ వేరైన ఈ పరీక్షలను నేరుగా పోల్చలేం. అయినా మందు, మోతాదు, వ్యాధి దశ మారితే ఫలితం మారవచ్చన్న అవకాశాన్ని అవి తెరిచే ఉంచుతున్నాయి.

ఈ సంకేతాలను పరిశీలించే ప్రయోగశాల పళ్లెంలోని కణాలు రోగి శరీరానికి ప్రతినిధులు కావన్న అభ్యంతరం మరింత బలమైనది. అక్కడ టి కణాలు ఉండవు, పొట్టలో చేరే నీరు ఉండదు. దీనికి సమాధానం చికిత్సలోనే దొరుకుతుంది. చాలామందికి ముందు కొన్ని విడతలు కీమోథెరపీ ఇచ్చి, తర్వాత శస్త్రచికిత్స చేస్తారు. ముందు తీసిన బయాప్సీ ముక్కనూ శస్త్రచికిత్సలో తీసిన కణితినీ పక్కపక్కన పెట్టి ఇంటర్‌ఫెరాన్ స్పందన, ఇంటర్‌ల్యూకిన్-6, పీడీ-ఎల్1, టి కణాల సంఖ్య నాలుగింటినీ ఒకే రోగిలో కొలవవచ్చు. ఏ రోగికి ఏ అడ్డంకిని ఎప్పుడు తొలగించాలో నిర్ణయించే ఆధారం ఆ కొలతల నుంచే రావాలి.