ఎలక్ట్రిక్ గిటారు పికప్: ఒక విడిభాగం చెప్పే చరిత్ర

పరిచయం

సాంకేతిక చరిత్ర అనగానే మీకు ఆవిరి యంత్రం, రైలు, టెలిగ్రాఫ్ వంటివి గుర్తుకు రావచ్చు. చిన్న విడిభాగాలకు కూడా చరిత్ర ఉంటుంది. ఈ పాఠంలో అటువంటి ఒక వస్తువును పరిశీలిద్దాం. ఎలక్ట్రిక్ గిటారుకు కంపెనీ అమర్చిన పికప్‌ను తీసివేసి, ఎక్కువ అవుట్‌పుట్ ఇచ్చే మరొక పికప్‌ను పెట్టుకోవడం 1970లలో అమెరికాలో ఊపందుకున్న అలవాటు. అది ఎందుకు మొదలైంది? ఆ కారణం ఇప్పటికీ నిలిచి ఉందా? గిటారు వాయించేవారికి ఇది డబ్బుతో ముడిపడిన ప్రశ్న. చరిత్ర విద్యార్థులైన మీకు, ఒక వస్తువు వెనుక ఉన్న కారణాలను వెతికి పట్టుకునే అభ్యాసం.

1. పికప్ పుట్టుక

1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ గురించి మీరు పాఠశాలలోనే చదివి ఉంటారు. పికప్‌కు ఆధారం అదే. అయస్కాంతం చుట్టూ సన్నని రాగితీగ చుట్టి, దానిపైన ఉక్కుతీగ కంపించేలా అమరిస్తే, ఆ తీగచుట్టలో స్వల్పమైన వోల్టేజీ పుడుతుంది. దానిని ఆంప్లిఫయర్ పెద్దది చేసి లౌడ్‌స్పీకరుకు పంపుతుంది.

1930ల నాటి పెద్ద వాద్యబృందాలలో బాకాలు, డ్రమ్ముల మధ్య గిటారు వినిపించేది కాదు. ఈ అవసరమే జార్జ్ బోషాంప్ వంటివారిని ప్రయోగాలకు పురికొల్పింది. ఆయన రూపకల్పనతో రికెన్‌బ్యాకర్ గిటార్లు 1932 నుంచి తయారయ్యాయి. పేటెంటు 1937లో లభించింది.

తొలినాటి పికప్‌లలో ఒకే తీగచుట్ట ఉండేది. అది గిటారు ధ్వనితో పాటు ఇంటి కరెంటు నుంచి వచ్చే 'హమ్' అనే ఝుంకారాన్ని కూడా గ్రహించేది. గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ రెండు తీగచుట్టలను పరస్పర వ్యతిరేకంగా కలిపి ఆ ఝుంకారం రద్దయ్యేలా చేశాడు. దీనినే హమ్‌బకర్ అంటారు. ఆయన 1955లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1957 నుంచి గిబ్సన్ గిటార్లలో హమ్‌బకర్లు వచ్చాయి, 1959లో పేటెంటు మంజూరైంది.

ఇక్కడ ఆధారాల పరిశీలనకు ఒక మంచి ఉదాహరణ ఉంది. తొలి హమ్‌బకర్లపై 'పేటెంటుకు దరఖాస్తు చేయబడింది' అనే అర్థం వచ్చే ఆంగ్ల చీటీ ఉండేది. ఆ మాటల తొలి అక్షరాలతోనే వాటికి 'పాఫ్' అనే పేరు స్థిరపడింది. తరువాతి చీటీలపై ఒక పేటెంటు సంఖ్య ముద్రించారు. అయితే 2,737,842 అనే ఆ సంఖ్య లవర్ పికప్‌ది కాదు. లెస్ పాల్ రూపొందించిన, గిటారు తీగలను పట్టి ఉంచే భాగానిది. తయారీదారు స్వయంగా అంటించిన చీటీని కూడా ఇతర ఆధారాలతో సరిచూడకుండా నమ్మరాదని దీని ద్వారా గ్రహించండి.

2. మార్పిడి పికప్‌ల కాలం

1970లలో ఈ కొత్త అలవాటుకు రెండు ముఖ్య కారణాలు కనిపిస్తాయి.

మొదటిది ఆంప్లిఫయర్ల స్వభావం. రాక్ సంగీతకారులు కోరుకున్న గరుకైన ధ్వనిని డిస్టార్షన్ అంటారు. ఆనాటి వాల్వు ఆంప్లిఫయర్లు చాలావరకు వాల్యూమ్ బాగా పెంచినప్పుడే ఆ ధ్వనిని ఇచ్చేవి. గిటారు నుంచే ఎక్కువ వోల్టేజీ వస్తే ఆంప్లిఫయర్ తొలి దశలోని వాల్వు త్వరగా తన హద్దుకు చేరుతుంది.

రెండవది యాజమాన్యాల మార్పు. ఫెండర్ కంపెనీని 1965లో సీబీఎస్ కొనుగోలు చేసింది. గిబ్సన్ మాతృసంస్థ 1969లో చేతులు మారింది. ఆ తరువాత వచ్చిన వాద్యాల నాణ్యత తగ్గిందనే అసంతృప్తి వాయిద్యకారులలో పెరిగింది. కొత్త గిటారును తామే బాగుచేసుకోవాలనే ధోరణి బలపడింది.

ఈ పరిస్థితిలో న్యూయార్క్‌కు చెందిన లారీ డిమార్జియో 1972లో 'సూపర్ డిస్టార్షన్' అనే పికప్‌ను తయారుచేశాడు. అందులో సిరామిక్ అయస్కాంతం ఉంది, తీగచుట్లు ఎక్కువ. గిబ్సన్ హమ్‌బకర్ ఉన్న చోటే అది సరిపోతుంది. చెక్కను కోయవలసిన పని లేదు. స్క్రూడ్రైవరు, సోల్డరింగ్ ఐరన్ ఉంటే చాలు. కిస్ బృందానికి చెందిన ఏస్ ఫ్రేలీ వంటివారు దానిని వాడారు. 1976లో సేమూర్ డంకన్ కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో తన సంస్థను స్థాపించాడు.

అప్పటివరకు ధ్వనిని నిర్ణయించింది కర్మాగారం. ఇప్పుడు ఆ నిర్ణయంలో కొంత భాగం వాయించేవారి చేతికి వచ్చింది. ఈ పాఠంలో మీరు ప్రధానంగా గుర్తుంచుకోవలసిన మార్పు ఇదే.

అయితే అందరూ ఒకే దారిలో నడవలేదు. 1978లో తొలి ఆల్బమ్‌తో సంచలనం సృష్టించిన ఎడీ వాన్ హేలెన్, స్ట్రాటోకాస్టర్ తరహా దేహంలో పాత గిబ్సన్ గిటారు పికప్‌ను అమర్చుకున్నాడు. ఘాటైన ధ్వనికి కొత్త హై అవుట్‌పుట్ నమూనా ఒక్కటే మార్గం కాదని ఆయన గిటారు తెలుపుతుంది.

3. సంఖ్యలను ఎలా చదవాలి?

పికప్ ప్రకటనలలో నిరోధాన్ని కిలో ఓములలో ఇస్తారు. పాత పాఫ్‌లలో ఇది సాధారణంగా 7 నుంచి 9 వరకు, సూపర్ డిస్టార్షన్‌లో సుమారు 13.7, డంకన్ 'జేబీ' నమూనాలో 16కు పైగా ఉంటుంది. సంఖ్య పెరిగితే శక్తి కూడా అంతే పెరుగుతుందని అనుకోకండి. అదే పొడవు తీగ మరింత సన్ననిదైతే నిరోధం పెరుగుతుంది, అవుట్‌పుట్ పెరగదు. అయస్కాంతం రకం కూడా ఫలితాన్ని మారుస్తుంది.

చుట్లు పెంచడానికి మూల్యం కూడా ఉంది. చుట్లతో పాటు ప్రేరకత్వం పెరుగుతుంది. దానివలన తారస్థాయి ధ్వనుల స్పష్టత తగ్గి, మధ్యస్థాయి ధ్వనులు ముందుకు వస్తాయి. కొందరికి కావలసింది అదే. నిర్మలమైన ధ్వని కోరుకునేవారికి అది లోపం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. 1970లలోనే రాండల్ స్మిత్ తన మెసా బూగీ ఆంప్లిఫయర్లలో అదనపు గెయిన్ దశను చేర్చాడు. ఈ పద్ధతి తరువాత విస్తృతంగా వ్యాపించింది. నేడు తక్కువ ధర ఆంప్లిఫయర్లలో కూడా తక్కువ వాల్యూమ్‌లోనే డిస్టార్షన్ లభిస్తుంది. అంటే హై అవుట్‌పుట్ పికప్ పుట్టడానికి దారితీసిన ఇబ్బంది చాలావరకు తొలగిపోయింది. వస్తువు మాత్రం తన ప్రత్యేక స్వరం వలన నిలిచింది.

కాబట్టి మీలో ఎవరైనా పికప్ మార్చదలిస్తే ముందుగా మీ ఆంప్లిఫయర్‌లో గెయిన్ పెంచి చూడండి. పికప్ ఎత్తును స్క్రూతో సరిచేయండి. దీనికి ఖర్చు లేదు. తరువాతే కొనుగోలు మాట. మీ గిటారులో ఉన్నది ఒంటి తీగచుట్ట స్థలమా, హమ్‌బకర్ స్థలమా అని కొలవండి. వాల్యూమ్ పాట్ విలువ చూడండి: ఒంటి తీగచుట్టకు 250, హమ్‌బకర్‌కు 500 కిలో ఓములు వాడుక. బ్రిడ్జి వైపు పికప్‌ను మాత్రమే మారిస్తే, మెడ వైపు పికప్ ధ్వని దానితో పోలిస్తే బలహీనంగా వినిపించవచ్చునని గుర్తుంచుకోండి.

సారాంశం

వినిపించాలనే అవసరం పికప్‌ను, ఝుంకారం హమ్‌బకర్‌ను, ఆనాటి ఆంప్లిఫయర్ల పరిమితి హై అవుట్‌పుట్ పికప్‌ను సృష్టించాయి. ఏ వస్తువునైనా అంచనా వేసేటప్పుడు అది ఏ ఇబ్బందికి జవాబుగా పుట్టిందో, ఆ ఇబ్బంది ఇప్పుడు మనకు ఉందో లేదో అడగండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. 1970లలో మార్పిడి పికప్‌లకు గిరాకీ పెరగడానికి గల కారణాలను వివరించండి.
2. పేటెంటు సంఖ్య ఉదాహరణ ఆధారంగా చారిత్రక ఆధారాల పరిశీలన ఆవశ్యకతను తెలపండి.
3. మీ ఇంట్లోని ఒక వస్తువును ఎన్నుకొని, అది పుట్టిన కారణం నేటికీ ఉందో లేదో పది వాక్యాలలో చర్చించండి.