సైకిలు గంతు: ఒక విద్య చరిత్ర



మా గార్లదిన్నెలో సాయంకాలమైనచో పిల్లలు ఎండిన చెరువులో చేరి, ఒక ఇటుకను అడ్డముగా పెట్టి, సైకిలు దిగకయే రెండు చక్రములను లేపి దానిని దాటుటకు పాటుపడుచుందురు. అది చూచి మనవంటివారము పనిలేని పని యని కసరుదుము. నేనును కసరితిని. గత వేసవిలో నా మనుమడు మోచేయి దోకొని యింటికి రాగా, సైకిలునకు తాళము వేసి చెవిని మొలత్రాటికి కట్టుకొంటిని. పిమ్మట ఈ విద్య పుట్టుపూర్వోత్తరములను చదివితిని. వానినే యిపుడు మనవి చేసెదను.

1817లో జర్మనీ దేశమున, మాన్‌హైము పట్టణమున, కార్ల్ డ్రైస్ అను నతడు రెండు చక్రముల కొయ్యబండిని నడిపెను. దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుచు పోవలసినదే. 1885లో ఇంగ్లాండునందలి కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ, గొలుసుతో వెనుక చక్రము తిరుగు సైకిలును వెలువరించెను. 1888లో డన్లప్ దానికి గాలి రబ్బరును సమకూర్చెను. మన యింటి సైకిలు వాని సంతతిలోనిదే.

అది మన పల్లెలకు వచ్చిన వెనుక విన్యాసములును వచ్చినవి. 1960ల ప్రాంతమున, నా చిన్ననాట, ఊరి బయట గుంజ పాతి, దీపము వ్రేలాడగట్టి, రేయింబవళ్లు సైకిలు దిగక దానిచుట్టు తిరుగు మనుష్యుని చూచితిని. మీలో ననేకులు చూచియే యుందురు. స్నానము సైకిలుపైననే, అన్నము సైకిలుపైననే. అతడు సీటుపై నిలుచుండెడివాడు. హాండిలుపై కూర్చుండి త్రొక్కెడివాడు. పోవుచునే వంగి నేలనున్న నాణెమును తీసికొనెడివాడు. మనము చిల్లర వేసితిమి, బియ్యము పెట్టితిమి. అతని పేరేమని యడిగినవారము కాము.

అమెరికాలో అట్లు కాలేదు. 1970ల మొదట కాలిఫోర్నియా బాలురు మోటారు సైకిలు పందెముల ననుకరించుచు మట్టిదారులలో చిన్న సైకిళ్లు తోలసాగిరి. అందుండి ఇరువది అంగుళముల చక్రములుగల బి.ఎం.ఎక్స్. సైకిలు పుట్టెను. 1975లో శాండియాగో ప్రాంతమున కొందరు బాలురు నీరులేని సిమెంటు కాలువలలో దిగి, వాలుగోడలపై ఎక్కి దిగుట నేర్చిరి. 1976, 1977లలో అచట గొప్ప అనావృష్టి కలిగెను. ఈతకొలనులు పెక్కు వట్టిపోగా అవియును ఆటస్థలములైనవి. వారి పేర్లు పత్రికల కెక్కినవి. వారి విన్యాసములకు పేర్లు పెట్టబడినవి. నీరింకిన చోట పిల్లలు ఆటస్థలమును చూచుట మన సీమకే ప్రత్యేకము కాదని నాకప్పుడు తెలిసినది.

మన పిల్లలు నేర్చు గంతును పాశ్చాత్యులు కుందేటి గంతు అందురు. మెల్లగా పోవుచు, రెండు పెడళ్లను సమముగా నిలిపి, వాని మీద లేచి నిలువవలెను. మోకాళ్లు, మోచేతులు వంచి క్రుంగి, వెంటనే చేతులు చాచి బరువును వెనుకకు త్రోసినచో ముందు చక్రము లేచును. ఆపై నిటారుగా లేచుచు, హాండిలును ముందునకు నెట్టి, పాదములను వెనుకకు వంచి పెడళ్లను ఎత్తిపట్టినచో వెనుక చక్రమును లేచును. బలముకంటె అదను ముఖ్యము. మన కాడి, మోకు, కపిలబాన పనులలోను అంతియేకదా!

2021లో టోక్యో ఒలింపిక్సులో ఈ విద్యకు మొదటిసారి స్థానము దొరకెను. అందు ఇంగ్లాండు యువతి షార్లెట్ వర్దింగ్టన్, గాలిలో వెనుకకు పల్టీకొట్టుచు గిరగిర తిరుగు విన్యాసమునకు పూని, మొదటి పరుగులో పడిపోయెను. రెండవ పరుగులో ఆ విన్యాసమునే సాధించి స్వర్ణపతకము గైకొనెను. ఆ మొదటి పాటును చూచి ఎవరైన ఆమె సైకిలునకు తాళము వేసియుండినచో?

నేను చెవిని మనుమని కిచ్చివేసితిని. తలకు హెల్మెటు, మోచేతులకు మెత్తలు ఉండవలెననియు, బ్రేకులు సరిచూచుకొని మెత్తని మన్నుగల చోటనే నేర్చుకొనవలెననియు నియమము పెట్టితిని. ఇపుడు సాయంకాలము లందు నేనును చెరువుకట్టపై కూర్చుండి చూచుచుందును. ఇంకను పడుచునే యున్నాడు; ఇటుక మాత్రము నిన్నటికంటె తక్కువసారులు కదలుచున్నది.

మీ యూర నాడు సైకిలు దిగక తిరిగిన మనుష్యు లెవరైన నేటికిని జీవించియున్నచో, దయచేసి వారి పేరు, ఊరు అడిగి వ్రాసియుంచుడు.