ఎండదెబ్బ: సౌదీ ఆసుపత్రిలో వినిపించే మాటలకు అర్థాలు

సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పని చేయించకూడదు. మిగతా వేళల్లోనూ ముప్పు ఉంటుంది. అందుకే ఈ మాటలు తెలిసి ఉండాలి.

లక్షణం: మీకు తెలిసే బాధ. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి. మీరు చెబితేనే డాక్టరుకు తెలుస్తుంది.

డీహైడ్రేషన్: చెమటతో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిపోవడం. మూత్రం ముదురు పసుపు రంగులో, తక్కువగా వస్తుంది.

హీట్ ఎగ్జాషన్: విపరీతమైన చెమట, నీరసం. పని ఆపి నీడకు చేరి నీళ్లు తాగాలి.

హీట్ స్ట్రోక్: అరబీలో దర్బత్ షమ్స్. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మెదడుపై దెబ్బ పడుతుంది. మాట తడబడుతుంది, స్పృహ తప్పుతుంది. చెమట పడుతున్నా రావచ్చు. ప్రాణాపాయం.

అక్యూట్, క్రానిక్: అక్యూట్ అంటే హఠాత్తుగా వచ్చింది. క్రానిక్ అంటే బీపీ, షుగర్‌లా చాలాకాలం ఉండేది.

క్రియాటినిన్: కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష. నీళ్లు సరిగా తాగకుండా రోజూ ఎండలో పనిచేస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు.

తోటి పనివారు పొంతన లేకుండా మాట్లాడితే అలసట అనుకోవద్దు. వెంటనే రెడ్ క్రెసెంట్ అంబులెన్స్ 997కు ఫోన్ చేయండి. అది వచ్చేలోపు ఒళ్లంతా తడిపి గాలి తగలనివ్వండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయొద్దు. ఆరోగ్య సలహాకు 937.