రసీదు బిళ్లలపై చిల్లుల యక్షరములు

అప్పు తీర్చువాడు సొమ్ము చెల్లించినప్పుడెల్ల పత్రము వెనుక ఆ మొత్తమును వ్రాయవలెననియు, లేదా ధనికుడు తన చేవ్రాలుతో చెల్లుచీటి నియ్యవలెననియు యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. కావున రసీదు మనకు దొరలు నేర్పిన విద్య కాదు. వారి ప్రభుత్వము చేసినదెల్ల ఆ చీటిపై ఒక యణా బిళ్ల నంటింపవలెనని శాసించుటయే. 1899 సంవత్సరపు స్టాంపు చట్టము ప్రకారము ఇరువది రూపాయలకు మించిన ప్రతి రసీదునకును ఒక యణా, అనగా రూపాయిలో పదునారవ వంతు, సుంకము. అంటించిన బిళ్ల మరల నుపయోగపడకుండ దానిమీదుగా పేరుగాని, పొడియక్షరములుగాని తేదీతో వ్రాసి కొట్టివేయవచ్చునని ఆ చట్టము 12వ సెక్షనులో చెప్పినది. బిళ్లమీదుగా సంతకము చేయు మన యలవాటునకు మూల మిదియే. నేడు సుంకము ఒక రూపాయి; అదియు అయిదు వేలకు మించిన రసీదులకు మాత్రమే.

బందరు, గుడివాడ, దివిసీమలయందలి పాత యిండ్ల భోషాణములలో ఇట్టి రసీదులు కట్టలుకట్టలుగా నుండుట కలదు. వానిలో నొకానొక బిళ్లను వెలుతురునకు పట్టి చూచినచో సూదిమొనతో పొడిచినట్లు సన్నని చిల్లులు, ఆ చిల్లుల వరుసలో ఇంగ్లీషు అక్షరములు రెండో మూడో కానవచ్చును. ఇవి యేమని పలువురు సందేహించుచుందురు.

ఈ పద్ధతి పుట్టినది లండను నగరమున. జోసెఫ్ స్లోపర్ అను నతడు కాగితములకు చిల్లులు పొడుచు యంత్రమునకు 1858లో హక్కు పొందెను. ఆ కాలమున పెద్ద వర్తకశాలలలో గుమాస్తాలు కచేరీ తపాలా బిళ్లల నపహరించి అమ్ముకొనుచుండిరి. బిళ్ల రొక్కముతో సమానము. దానిమీద యజమాని పేరుండదు. అందుచేత వర్తకులు తమ పొడియక్షరములను బిళ్లలకే పొడిపించుకొనుటకు 1868లో అచ్చటి తపాలాశాఖ సమ్మతించెను. పిమ్మట భారతదేశమునందలి బ్యాంకులును వర్తకశాలలును ఈ మార్గమునే యవలంబించెను. ఇచ్చట నింకొక కారణమును తోడయ్యెను. 1906 నుండి అణా బిళ్ల యొక్కటియే తపాలాకును రెవిన్యూకును చెల్లునట్లు ముద్రింపబడెను. అంతకుముందు రసీదు బిళ్ల రసీదునకే పనికివచ్చెడిది. ఇప్పుడు కచేరీ రసీదు పెట్టెలోని బిళ్ల గుమాస్తా యింటి యుత్తరముపై కెక్కుట సులభమయ్యెను. చిల్లుల యక్షరములు ఆ దారిని మూసినవి.

అయితే కనబడిన ప్రతి చిల్లును అక్షరము కాదు. బిళ్ల అంచుననున్నవి చింపుకొనుటకు వేసినవి. కోర్టు ఫీజు స్టాంపునందలి పెద్ద రంధ్రము వేరు; 1870 నాటి కోర్టు ఫీజుల చట్టము రాజు తలబొమ్మను తొలిచి తీసివేయవలెననియు, వెల తెలుపు భాగమును ముట్టరాదనియు, తొలిచిన ముక్కను కాల్చివేయవలెననియు ఆదేశించినది. కాగితములను తీగకు గ్రుచ్చిన చిల్లు బిళ్లతోపాటు క్రింది కాగితమును గూడ తొలుచును. పొడియక్షరముల చిల్లులు బిళ్లకు మాత్రమే యుండి, కాగితమును తాకవు. ఏలయన, అవి అంటింపకమునుపే పొడిచినవి.

అక్షరములను చదువుటకు బిళ్ల వెనుక నల్లని కాగితము నుంచుట మేలు. బిళ్లల తావును మడిచి పొడుచుటచే కొన్నిట అక్షరములు తలక్రిందుగనో, అద్దములోవలె తారుమారుగనో పడును. కావున నన్ని ప్రక్కలనుండియు చూడవలెను. ఒక్కొక్క అక్షరమునకు చిల్లులెన్ని, ఎత్తెంత యనునవి వ్రాసికొన్నచో ఒకే యంత్రముచే పొడిచిన వాని నేర్పరుపవచ్చును.

కాని యక్షరము లొక్కటియే పేరు చెప్పజాలవు. బందరు రసీదుపై 'ఏ.బి.' యని కనబడినదనుకొందము. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు బందరున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు అని మనస్సు వెంటనే పలుకును. కాని 1865లోనే అలహాబాదు బ్యాంకు పుట్టియున్నది. రసీదు తేదీ 1923కు ముందైనచో ఆంధ్రా బ్యాంకు మాట యుండనేరదు. అట్లే 'ఐ.బి.ఐ.' యనునవి ఇంపీరియల్ బ్యాంకువే యైనచో, అది 1921లో నేర్పడి 1955లో స్టేట్ బ్యాంకుగా మారినది గనుక ఆ నడిమికాలమే దానికి సరిపడును. తేదీ, ఊరు, రసీదుతలపై నచ్చైన పేరు, సొమ్ము దేనికొరకన్న మాట, ఇవన్నియు క్రింది కాగితముననే యున్నవి. బిళ్లను నానబెట్టి యూడదీసిన క్షణముననే ఆ సాక్ష్యమంతయు పోవును. అప్పుడు మిగులునది యక్షరములు గల రంగు కాగితపు ముక్క.

మరియొక హెచ్చరిక. ముద్రారాక్షసమున రాక్షసుని యుంగరము చాణక్యుని చేజిక్కి, రాక్షసుడెరుగని లేఖకు ముద్రయై, అతనికే యుచ్చయ్యెను. ముద్ర యెవరిదో తెలిసినంతమాత్రమున వ్రాత యెవరిదో తెలియదు. చిల్లుల యక్షరములును అట్టివే. బిళ్ల నెవరు కొనిరో చెప్పును గాని, సొమ్ము నిజముగా చెల్లెనో లేదో చెప్పవు. దానికి సంతకమును, ఖాతాయును, ఇతర పత్రములును సాక్ష్యము.

ఈ విషయము వినోదమాత్రము కాదు. 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము, 1932 అక్టోబరు 1వ తేదీకి ముందరి ఋణములలో, అసలుకు రెట్టింపు సొమ్ము చెల్లించియున్న రైతు ఋణవిముక్తుడనెను. చెల్లించినట్లు రుజువేది? తరచుగా ఆ యణా బిళ్ల రసీదులే. దాచుకొన్న యింట పొలము నిలిచెను; చదువురాక, అడుగ ధైర్యము లేక రసీదు పుచ్చుకొనని యింట చట్టముండియు ప్రయోజనము కొరవడెను. భర్త పోయిన పిమ్మట ఋణదాతతో మాటాడవలసిన స్త్రీకి ఆ చీటి యెంతటి యండయో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ సీమలో కాగితమునకు ఆయువు తక్కువ. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును సముద్రము ముంచెత్తినది; 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టినది. వేలకొలది ప్రాణములు పోయినచోట కాగితముల నెవరు లెక్కింతురు? కనుకనే మిగిలినవి మఱింత విలువైనవి. పాత కట్టలు విప్పు గృహస్థులారా, బిళ్లలకై కత్తెర పట్టకుడు. రసీదును రసీదుగానే యుంచి, ఎవరి పెట్టెలోనిదో, ఏ గ్రామమో ఒక చీటిపై వ్రాసి జతచేయుడు. బిళ్లపై సంతకమున్నదో వేలిముద్రయున్నదో గూడ గమనింపుడు. ఒక యింట తాతగారి వేలిముద్ర తరువాత తండ్రిగారి సంతకమును, పిమ్మట తల్లిగారి సంతకమును కానవచ్చినచో, చదువు ఆ గడప నెప్పుడు దాటి లోపలికి వచ్చెనో మీరు తేదీతోసహా చెప్పగలరు.