కొలతల టేపు లేని కొడుకు

ఒక దర్శకుడు ముప్ఫై ఒక్కేళ్ల తర్వాత తన పాత ఊరికే తిరిగెళ్లి, తండ్రి కథకి కొడుకు కథని జతచెయ్యడం తెలుగు సినిమాలో అరుదు. వంశీ ‘లేడీస్ టైలర్’ 1986లో వచ్చింది. ‘ఫ్యాషన్ డిజైనర్ సన్నాఫ్ లేడీస్ టైలర్’ 2017 జూన్‌లో వచ్చింది, వచ్చినంత త్వరగానే వెళ్లిపోయింది. వంశీలో పస తగ్గిందని తేల్చెయ్యడం సులువే. కానీ నాకు అసలు కారణం కుట్టు మిషను దగ్గర కనిపిస్తుంది.

మొదటి సినిమాలో సుందరం (రాజేంద్రప్రసాద్) పనిమంతుడు, పరమ బద్ధకస్తుడు. తొడ మీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయి దొరికితే దశ తిరుగుతుందని అతని నమ్మకం. ఇదే నమ్మకం ఊళ్లో ఏ రైతుకో ఉంటే కథ లేదు. అప్పటి పల్లెటూళ్లో పరాయి ఆడవాళ్లతో నిలబడి మాట్లాడే వీలు గాజులమ్మేవాడికో, దర్జీకో తప్ప ఎవరికుంది? మెడలోని టేపే సుందరానికి ఊరిచ్చిన అనుమతి. అయితే ఆ అనుమతి జాకెట్టు కొలత దాకానే. పుట్టుమచ్చ ఆ హద్దుకి అవతలుంది. ఈ రెంటి మధ్య దూరంలోనే సినిమా అంతా నడుస్తుంది. తనికెళ్ల భరణి మాటలు, ఇళయరాజా పాటలు, జ-భాష, మల్లికార్జునరావు బట్టల సత్తి, అన్నీ అందులోనే ఇమిడిపోయాయి.

కొడుకు గోపాలం (సుమంత్ అశ్విన్) దగ్గరికొచ్చేసరికి పుట్టుమచ్చ పోయి మన్మథ రేఖ వచ్చింది. ఆ రేఖ అతని చేతిలోనే ఉంది! ఇక వెతకాల్సిందేముంది? వృత్తితో పనేముంది? డబ్బున్న అమ్మాయిని పడేసి బొటిక్ పెట్టాలన్న గోపాలం ఏ ఉద్యోగం చేసినా కథ మారదు. తండ్రి కథకి ప్రాణమైన దర్జీతనం కొడుక్కి పేరుగా మాత్రమే మిగిలింది.

ఈ మధ్యకాలంలో వంశీ ‘మా పసలపూడి కథలు’ రాశాడు. వాటిలో ఊరు జ్ఞాపకం, అది జ్ఞాపకమని రచయితకీ తెలుసు, మనకీ తెలుసు. సినిమాలో మాత్రం ఆ జ్ఞాపకాన్నే 2017 నాటి ఊరని చూపించాడు. పైగా ఆడవాళ్లకి మాయమాటలు చెప్పడం 1986లోనూ ఇబ్బందికరమే. అప్పుడు దానికి టీచరు సుజాత పాత్రలో అర్చన నిబ్బరం ఎదురు నిలిచింది. ఇప్పుడు అలాంటి ఎదురు బరువు లేదు.

మాది మనోహరాబాద్. గోదావరి లేదు, కొబ్బరితోటల్లేవు. హైవే, ఫ్యాక్టరీలు, కొత్త రైలుమార్గం ఉన్నాయి. అయినా సుందరం మాకు పరాయివాడు కాలేదు, ఎందుకంటే దర్జీ ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. ఇప్పుడా దర్జీల్లో చాలామంది చీరలకి ఫాల్స్ కుడుతూ, రెడీమేడ్ ప్యాంట్ల పొడవు తగ్గిస్తూ నెట్టుకొస్తున్నారు. కొలత తీసుకోవాల్సిన అవసరమే పోతున్న ఊళ్లో దర్జీ కొడుకు ఏం చేస్తాడు? వంశీ చేతిలో ఉన్న అసలు రెండో భాగం ఇదే. నవ్వులకీ లోటుండేది కాదు. ఆ బట్ట కత్తిరించకుండానే ఉండిపోయింది.